ఎవరి చితి అది

పోయిన వారం కనకరత్నాన్ని ఏలూరులో, ఫాతిమా ఇంటి వసారాలో వదిలి వచ్చాం. మిలిటరీ నర్సుగా పనిచేసి రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్న ఆమె, డెబ్బై ఒకటి యుద్ధంలో కనిపించకుండా పోయిన మదార్ గురించి నాలుగు మాటలు అడిగి వద్దామని అక్కడికి వెళ్ళింది. మదార్ భార్య ఫాతిమా మంచం మీద ఉంది. కూతురు సుమయ్య చెప్పులు విడిచి లోపలికి నడుస్తుంటే ఆమె ఎడమ పాదం కనకరత్నం కంటపడింది. రెండో వేలు, మూడో వేలు గోళ్ళదాకా అతుక్కుని ఉన్నాయి. మా నాన్నగారికీ ఇలాగే ఉండేవట, అంది సుమయ్య. అచ్చం అలాంటి పాదాన్ని యాభై ఏళ్ళ కిందట కనకరత్నం తన చేతులతో కడిగింది. కానీ ఆ దేహానికి ఆమె కట్టిన చీటీ మీద ఉన్న పేరు మదార్ కాదు. కొల్లేటికోట జోగారావు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కైకలూరు బస్సెక్కారు.

కనకరత్నం ఒక్కతే వెళ్దామనుకుంది. సుమయ్య ఒప్పుకోలేదు. స్కూల్లో సెలవు పెట్టి బస్టాండుకి వచ్చేసింది. యాభై దాటిన మనిషి, తండ్రి ముఖం ఎరగదు. మదార్ ఊరు వదిలి వెళ్ళేనాటికి ఆమె ఇంకా కడుపులోనే ఉంది.

"అమ్మకి చెప్పావా?" అంది కనకరత్నం.

"ఇంకా లేదండీ. రూఢి అయ్యాక చెప్తాను. ఇన్నేళ్ళు ఎదురుచూసింది, మళ్ళీ కాదంటే తట్టుకోలేదు."

రూఢి చెయ్యగలిగిన మనిషి ఒక్కతే ఉంది. జోగారావు భార్య వీరరాఘవమ్మ. జోగారావుకి కూడా వేళ్ళు అలా ఉండేవని ఆమె అంటే, ఇదంతా కాకతాళీయం. లేదంటే కనకరత్నం జీవితంలో మిగతా అన్నిటికంటే గట్టిగా నమ్ముకున్న పని తప్పయిపోతుంది.

బస్సు ఏలూరు దాటి కొల్లేటి గట్ల మీదికి వచ్చింది. రెండు పక్కలా చేపల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్న ఏరేటర్లు, గట్టున ముడుచుకుని కూర్చున్న గూడబాతులు. సుమయ్య చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత, తల తిప్పకుండానే అడిగింది.

"సిస్టరు గారూ, నాన్నగారే అయితే... ఆయనకి నమాజు చదివారా ఎవరైనా?"



"లేదమ్మా. జోగారావు అనుకున్నాం కదా. దహనం చేశాం."

సుమయ్య తలూపింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బావుండునని కనకరత్నానికి అనిపించింది.

యూనిట్ మౌల్వీగారు ఆ రోజుల్లో ఆస్పత్రి పక్క షెడ్డులోనే ఉండేవారు. పిలిస్తే పలికేంత దూరం.

సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఆస్పత్రి అది. కాల్పులు ఆగిన కొన్ని నెలలకి అవతలివైపు నుంచి ట్రక్కుల్లో మన సిపాయిల దేహాలు రావడం మొదలైంది. పట్టుబడి అక్కడ చనిపోయినవాళ్ళవి, అక్కడి మట్టిలో పాతి మళ్ళీ తీసినవి, కంబళ్ళలో చుట్టి పంపేవారు. మెడలో ఉండాల్సిన నంబరు బిళ్ళలు చాలామందికి లేవు. ఆ దేహాలని రేకుల షెడ్డులో వరసగా పడుకోబెట్టి ఆర్డర్లీలు ముక్కుకి గుడ్డ కట్టుకుని బయటికి వచ్చేసేవారు. ఆ పని కనకరత్నానికి ఎవరూ అప్పజెప్పలేదు. డ్యూటీ అయ్యాక తనే వెళ్ళేది. అప్పటికి ఉద్యోగంలో కొత్త. వేడినీళ్ళు, దూది, లాంతరు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా కూర్చునేది. పన్నుకి వేసిన సిమెంటు, చేతి మీద పచ్చబొట్టు, ఎవరో తల్లి బనీనుకి వేసిన మాసిక, విరిగి అతికిన ఎముక, ఇలా ఏదో ఒక గుర్తు పట్టుకుని, ఆ యూనిట్ వాళ్ళనీ, ఇంటివాళ్ళనీ పిలిపించి అడిగి, పేరు తేల్చేది. పేరు తేలాక చీటీ రాసి కట్టేది. చితికో, గోతికో పంపేటప్పుడు ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వచ్చి సెల్యూట్ చేసేది. పేరు లేకుండా ఎవరూ ఇక్కడినుంచి వెళ్ళకూడదు అనేది. పైవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత ఆమె కోసం షెడ్డుకి లైటు వేయించారు.

ఆ షెడ్డుకే జోగారావు అన్న వీర్రాజు వచ్చాడు. పంచె, ఉన్ని శాలువా, మూడు రైళ్ళు మారి వచ్చిన అలసట. మిగతా దేహంలో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. బూటు లోపల ఎడమ పాదం ఒక్కటే చెడకుండా ఉంది. కనకరత్నం గుడ్డ తీసి చూపించింది. వీర్రాజు ఆ పాదం పట్టుకుని కూలబడిపోయాడు.

"మావాడేనండీ. ఈ వేళ్ళు చూసి మా అమ్మ, వీడు బాతుల్తో ఈదుతాడే అని నవ్వేదండీ."

తన జిల్లా యాస అంత దూరంలో వినేసరికి కనకరత్నం కూడా ఏడ్చేసింది. ఆ చితికి ఆమే నెయ్యి తెప్పించింది. అస్థికల ముంతకి ఆమే గుడ్డ కట్టి ఇచ్చింది.

తర్వాతి సెలవులో కొల్లేటికోట వెళ్ళి, బొట్టు లేని ముఖంతో మూల కూర్చున్న వీరరాఘవమ్మని చూసింది. అప్పుడు మొదలైన రాకపోకలు ఇప్పటికీ ఆగలేదు. కనకరత్నం పెళ్ళి చేసుకోలేదు. ఆపరేషనయి మంచంలో పడ్డప్పుడు తాడేపల్లిగూడెం వచ్చి కాన్పు మనిషికి చేసినట్టు చేసింది రాఘవమ్మే. ఏటా డిసెంబరులో కొల్లేటికోట గట్టు మీద జోగారావు పేరుతో కట్టిన దిమ్మ దగ్గర ఇద్దరూ పూలు పెట్టి, పక్కపక్కన కూర్చుని వచ్చేవారు.

అలాంటి మనిషికి ఈ మాట ఎలా చెప్పడం? బస్సు దిగేదాకా కనకరత్నం ఆలోచించింది అదొక్కటే.

*

కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీ వెనక సందులో రాఘవమ్మ ఇల్లు. వీర్రాజు పోయాక కొల్లేటికోట వదిలి ఇక్కడికి వచ్చేసింది. సందు మొదట్లో రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. దాని ముందు బెంచీ చూపించింది కనకరత్నం.

"నువ్విక్కడ కూర్చోమ్మా. ముందు నేను చెప్తాను. ఆమె గుండె అంత గట్టిది కాదు."

"అలాగేనండీ," అని సుమయ్య కూర్చుంది.

రాఘవమ్మ చేటలో గోంగూర వలుస్తోంది. కనకరత్నాన్ని చూసి లేవబోయింది.

"ఏంటక్కా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చేశారు? ఉండండి, కాఫీ పెడతాను."

"కాఫీ వద్దు. నువ్వు కూర్చో."

"వచ్చారు కదా, అన్నయ్యకి ఒకసారి బీపీ చూద్దురుగాని. రెండ్రోజుల్నుంచి ఆయాసపడుతున్నాడు."

రాఘవమ్మ అన్న చిట్టిబాబు హౌరా చేపల మార్కెట్‌లో బతుకంతా గడిపి, జబ్బుచేసి పోయినేడు చెల్లెలి దగ్గరికి చేరాడు. వచ్చినప్పుడల్లా అతనికి బీపీ చూడ్డం, మందులు సరిచెయ్యడం కనకరత్నం పనే.

"చూస్తాను. ముందు నా మాట విను," అంది కనకరత్నం. కుర్చీ దగ్గరికి లాక్కుని రాఘవమ్మ చెయ్యి పట్టుకుంది. గోంగూర తడి అంటింది. "నేను చెప్పేది వినడానికి కష్టంగా ఉంటుంది. తప్పంతా నాది. నువ్వు నన్ను ఎంత తిట్టినా పడతాను."

రాఘవమ్మ చూస్తూ ఉంది.

"నిన్న ఏలూరు వెళ్ళాను. మదార్ అని, జోగారావుతో పాటే పట్టాళంలో చేరినవాడు. యుద్ధంలో తప్పిపోయాడు, ఈనాటికీ జాడ లేదు. అతని కూతుర్ని చూశాను. ఆమె ఎడమ కాలి వేళ్ళు రెండు కలిసి ఉన్నాయి. నేను మీ బావగారికి చూపించిన పాదం అలాంటిదే. మీ బావగారు దుఃఖంలో పొరబడ్డారేమో రాఘవమ్మా. నేను ఇంకొంచెం విచారించాల్సింది. నీకు పంపిన అస్థికలు జోగారావువి కాకపోవచ్చు."

చెప్పి, ఆమె పడిపోతే పట్టుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. మాత్రలు కూడా బ్యాగులో పెట్టుకుని వచ్చింది.

రాఘవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒడిలో పడ్డ ఆకులు ఏరి చేటలో వేసింది.

"వాళ్ళకి చెప్పేశారా?" అంది.

"ఎవరికి?"

"ఏలూరు వాళ్ళకి."

కనకరత్నం జవాబు చెప్పబోయి ఆగిపోయింది. షెడ్డులో ఎంతోమంది భార్యల్ని, తల్లుల్ని చూసిన మనిషి ఆమె. ఈ దేహం మీవాడిది కాదమ్మా అంటే, ఎంత చదువు లేనిదైనా, ఎంత ముసలిదైనా, ముందు అడిగే మాట ఒక్కటే. అయితే ఆయన బతికున్నాడా? ఆ మాట రాఘవమ్మ అడగలేదు.

"నువ్వు అడగాల్సింది అది కాదు కదా రాఘవమ్మా," అంది నెమ్మదిగా.

రాఘవమ్మ చేట పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. చాలాకాలంగా మోస్తున్నది దించుకునే మనిషిలా కాదు, దారిలో పట్టుబడ్డ మనిషిలా కూర్చుంది.

"తెలుసక్కా," అంది.

"ఏం తెలుసు?"

"ఆయనది కాదని."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఐస్ ఫ్యాక్టరీలో గడ్డలు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. 

"చెప్పు," అంది కనకరత్నం.

రాఘవమ్మ నేల చూస్తూ చెప్పింది. యుద్ధం అయిన కొన్నాళ్ళకి జోగారావు కొల్లేటికి వచ్చేశాడు. ఎవరివో చొక్కా, లాగు తొడుక్కుని, చిక్కిపోయి వచ్చాడు. పోస్టు మీద దాడి జరిగినప్పుడు పారిపోయి వచ్చానని అన్నతో చెప్పాడు. కిక్కిస గడ్డిలో, పడవ వెళ్తే తప్ప కనిపించని దిబ్బ మీద అతన్ని దాచారు. పట్టాళం నుంచి మనుషులు వచ్చి ఊళ్ళో వాకబు చేసి వెళ్ళారు. దొరికితే జైలు, ఊళ్ళో తలెత్తుకోలేని అవమానం. అప్పుడే వీర్రాజుకి కబురు వచ్చింది, దేహాలు కొన్ని వచ్చాయి, మీ తమ్ముడేమో చూసి వెళ్ళమని.

"ఏదో ఒకటి మనదంటే ఇంక వెతకరు అన్నారు బావగారు. ఎవరూ లేనివాడిదే చూసి చెప్తానని వెళ్ళారు."

"ఆయన ఏడ్చాడు," అంది కనకరత్నం. "వాళ్ళమ్మ బాతులన్న మాట కూడా చెప్పాడు. నా ముందు కూలబడి ఏడ్చాడు రాఘవమ్మా."

"భయంతో ఏడ్చుంటారు."

"నేను నెయ్యి తెప్పించాను."

రాఘవమ్మ తల ఇంకా వంచింది.

"సరే, ఆయన అబద్ధమాడాడు. నువ్వు? నేను మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు, నీ భర్త ఆ దిబ్బ మీదే ఉన్నాడా?"

"లేరు. బావగారు అస్థికలు తెచ్చిన వారానికే చేపల లారీ ఎక్కించి హౌరా పంపేశారు. నాతో ఒక్క మాట చెప్పి వెళ్ళలేదు. బొట్టు చెరిపింది మా అత్తగారు. కొడుకు బతికున్నాడని తెలిసి కూడా, ఊరు చూడాలి కదా అని చెరిపింది. నేను మీ పక్కన కూర్చుని ఏడ్చిందంతా దొంగేడుపు అనుకోకండి. బతికుండి కూడా నా వంక చూడని మనిషి కోసం ఏడవనా మరి?"

"నీ ఏడుపు సంగతి నేను అడగడం లేదు. నన్నెందుకు రానిచ్చావు? మొదటి ఏడే పొమ్మంటే పోయేదాన్ని కదా."

రాఘవమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"పొమ్మందామనే అనుకున్నానండీ. బావగారు వద్దన్నారు. ఆ మిలిటరీ నర్సమ్మ ఏటేటా వస్తుంటే, దిమ్మ దగ్గర సెల్యూట్ కొడుతుంటే, ఎవరికీ అనుమానం రాదన్నారు."

కనకరత్నం కుర్చీలోంచి లేచింది. ఎందుకు లేచిందో తెలియక అలాగే నిలబడింది. గోడకి తగిలించిన ఫొటోలో యూనిఫాంలో జోగారావు. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించింది తనే. దండ మార్చినప్పుడల్లా పక్కన నిలబడింది తనే. అలవాటైన గది ఎవరిదో కొత్తవాళ్ళ గదిలా కనిపించింది.

"నేను మీ కాపలాదాన్నన్న మాట," అంది.

"తర్వాత తర్వాత అలా కాదక్కా. మీరు తప్ప నాకెవరున్నారు? మీకు జ్వరమొస్తే నేను వచ్చింది బావగారు చెప్పారనా?"

"అది నాకింక ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకి రాఘవమ్మ ముఖం మొదటిసారి చెదిరింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనకరత్నం ఆమె దగ్గరికి వెళ్ళలేదు.

"ఎవరిదో తెలియని దేహం అనుకున్నారు. అంతవరకు పోనీ. అలాంటప్పుడు ఏలూరు పేరు వినగానే నీకు కంగారెందుకు? నేనింకా కాకపోవచ్చు అంటుంటేనే, వాళ్ళకి చెప్పేశారా అని అడిగావే."

రాఘవమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. అదే జవాబయింది.

"మీకు తెలుసు," అంది కనకరత్నం. "ఎవరి దేహమో కూడా తెలుసు."

"బావగారు తిరిగొచ్చి పడవలో అన్నం పట్టుకెళ్ళినప్పుడు ఆ వేళ్ళ సంగతి చెప్పారట. మా ఆయన ముద్ద కింద పెట్టేసి, అది మదార్ అన్నారట. ఒకే పంపు దగ్గర స్నానాలు చేసేవాళ్ళు కదండీ. తివాచీలు నేసేవాళ్ళ అబ్బాయి, పెళ్ళాం కడుపుతో ఉంది అని కూడా చెప్పారట."

"పెళ్ళాం కడుపుతో ఉందని కూడా తెలుసు." కనకరత్నం గొంతు పెరగలేదు. షెడ్డులో డాక్టర్లకి రిపోర్టు చెప్పే గొంతుతోనే అంది. "ఆ కడుపుతో ఉన్న మనిషిని ఏమన్నారో తెలుసా? మీ ఆయన అవతలివాళ్ళతో కలిసిపోయాడు, అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు అన్నారు. పోలీసులు వచ్చి ఇల్లంతా వెతికారు. మామగారు మగ్గం దగ్గర కూర్చోవడం మానేసి గదిలోనే పోయారు. ఆ పిల్లని బళ్ళో శత్రువు కూతురన్నారు. భర్త పోతే పాటించే ఇద్దత్ కూడా ఫాతిమా కూర్చోలేదు. పోయాడని తెలిస్తే కదా కూర్చోడానికి. ఇక్కడ బస్సెక్కితే పూట తిరక్కుండా వాళ్ళింటికి చేరొచ్చు రాఘవమ్మా. ఏ ఒక్క ఏడూ నీకు ఎక్కాలనిపించలేదా?"

"ఎక్కి ఏం చెప్పనండీ? చెప్తే ఈయన్ని పట్టుకుపోరా?"

ఈయన్ని.

ఆ మాట రాఘవమ్మ నోట్లోంచి జారాక ఇద్దరూ విన్నారు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఎవరో దగ్గు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు.

కనకరత్నం ఆ గది తలుపు వంక చూసింది. హౌరా నుంచి వచ్చిన అన్నయ్య చిట్టిబాబు. తను లోపలికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకునే మనిషి. చెయ్యి మాత్రం ఇచ్చేవాడు, ముఖం ఇచ్చేవాడు కాదు. పాపం, సిగ్గరి అనుకుంది. పోయిన నెల ఆ చేతికే ఇంజక్షన్ చేసి, నొప్పి పుట్టిందా అండీ అని అడిగి, దూదితో రుద్దింది. అటునుంచి అటే గట్టు మీదికి వెళ్ళి, దిమ్మకి సున్నం ఎప్పుడు వేయిద్దామని రాఘవమ్మతో మాట్లాడింది.

"తలుపు తియ్యి," అంది.

"వద్దక్కా. ఆయన లేచే స్థితిలో లేరు."

"తలుపు తియ్యి రాఘవమ్మా."

"నేనూ రావచ్చాండీ?"

వెనకనుంచి వినిపించిన ఆ మాటకి ఇద్దరూ తిరిగారు. గుమ్మంలో సుమయ్య నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎక్కడినుంచి విన్నదో తెలియదు. పైట సర్దుకుని, రాఘవమ్మకి ఒక టీచరు ఇంకో ఊరి పెద్దావిడకి పెట్టినట్టే మర్యాదగా నమస్కారం పెట్టింది.

"బెంచీ మీదికి ఎండొచ్చిందండీ. అందుకని వచ్చాను," అంది. తర్వాత, అదే మర్యాదతో అడిగింది. "మా నాన్నగారిని ఎక్కడ కలిపారండీ?"

రాఘవమ్మ లేచి గోడ పట్టుకుంది.

"కొల్లేట్లో తల్లీ. ఆ దిబ్బ పక్కనే. బావగారు గోదావరికని చెప్పి బయల్దేరారు గానీ, ఎవరివో తెలిశాక మనసొప్పలేదన్నారు. ఏ మంత్రమూ చదవలేదు, ఊరికే నీళ్ళలో వదిలారు."

సుమయ్య ఆ మాటని లోపల ఎక్కడో జాగ్రత్తగా పెట్టుకున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుంది. కనకరత్నం ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. సుమయ్య విసురుగా కాదు, మెల్లగానే పక్కకి జరిగింది.

"ఆ అమ్మాయిని లోపలికి పంపు."

గదిలోంచి వచ్చింది గొంతు. బొంగురుగా, దమ్ము చాలక ముక్కలు ముక్కలుగా. చిట్టిబాబుగా ఉన్నన్నాళ్ళూ అతను కనకరత్నం ముందు ఇంత పెద్ద మాట మాట్లాడలేదు.

"ఆ అమ్మాయిని ఒక్కదాన్నే పంపు. నర్సమ్మగారు వద్దు."

కనకరత్నం అప్పటికే రెండడుగులు వేసింది. సుమయ్య ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మీరు ఇక్కడే ఉండండి సిస్టరు గారూ."

"అమ్మా, ఆ మనిషిని నమ్మడానికి లేదు. నేను పక్కనుంటాను."

"నమ్మడానికి ఇక్కడ ఎవరున్నారండీ," అంది సుమయ్య. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

కనకరత్నం మూసిన తలుపు ముందు నిలబడింది. రాఘవమ్మ గోడకి ఆనుకుని ఉంది. ఇద్దరి మధ్యా గోంగూర చేట. లోపల సుమయ్య కుర్చీ జరుపుకున్నట్టుంది. తర్వాత ఏమీ వినపడలేదు, ఆ మనిషి ఊపిరి తప్ప.

"వాళ్ళు మంచివాళ్ళేనమ్మా," అన్నాడు జోగారావు లోపలినుంచి. "అవతలివాళ్ళు. వాళ్ళే పాతిపెట్టారు. కానీ మీ నాన్నని చంపింది వాళ్ళు కాదు."

కనకరత్నం చప్పున రాఘవమ్మ వైపు తిరిగింది, ఇది కూడా దాచావా అన్నట్టు. రాఘవమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోడ మీద ఫొటోని, మూసిన తలుపుని మార్చి మార్చి చూస్తోంది. యాభై ఏళ్ళు కాపాడిన ఆ మనిషి ఎవరో ఆమెకీ అప్పుడే తెలుస్తోంది.